పార్టిషన్ పోయింది, ఫైళ్లు ఉన్నాయి

శ్రోతలకు నమస్కారం.

సి డ్రైవ్ నిండిపోయిందని కంప్యూటర్ రోజూ గోల పెడుతుంటుంది. పక్కనే డి డ్రైవ్‌లో బోలెడంత ఖాళీ. అక్కడి నుంచి కాస్త ఇటు జరుపుదామని రీసైజ్ మొదలుపెడతాం. సగంలో కరెంటు పోతుంది, లేదా ఏదో ఎర్రర్ వచ్చి పని ఆగిపోతుంది. మళ్లీ ఆన్ చేసి చూస్తే డి డ్రైవ్ మాయం. దాని చోట ‘అన్‌అలొకేటెడ్’, అంటే దేనికీ కేటాయించని చోటు, అని ఉంటుంది. ఒక్కోసారి డ్రైవ్ పేరు కనిపిస్తుంది గానీ, క్లిక్ చేయగానే ‘ఫార్మాట్ చేయాలి, చేయమంటారా’ అని అడుగుతుంది.

చేయవద్దు. ఈ ప్రసంగంలో మీకు ఒక్క ముక్కే గుర్తుండేలా ఉంటే, ఆ ముక్క ఇదే కావాలని నా కోరిక. డేటా పోయిన సందర్భాల్లో చాలావాటికి కారణం మొదటి ప్రమాదం కాదు, ఆ తర్వాత కంగారులో మనం నొక్కిన బటన్లు.

ఎందుకో చెబుతాను. పొలం హద్దులు రాసిన కాగితం చిరిగిపోతే పొలం ఎక్కడికీ పోదు, అందులో పైరూ పోదు. ఒకే డిస్కును సి, డి అని భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని పార్టిషన్ అంటారు. వాటి హద్దులు రాసి ఉండే పార్టిషన్ టేబుల్ కూడా అలాంటి కాగితమే. 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన పాత పద్ధతిని ఎంబీఆర్ అంటారు. అందులో డిస్కు మొట్టమొదటి సెక్టార్‌లోని, అంటే మొదటి చిన్న గడిలోని, 512 బైట్లలో కేవలం 64 బైట్లు ఈ టేబుల్‌వి. ఒక్కో పార్టిషన్‌కు 16 బైట్ల చొప్పున నాలుగు వరసలు. ఏ సెక్టార్ దగ్గర మొదలవుతుంది, ఎన్ని సెక్టార్ల పొడవు, ఏ రకం అన్న వివరాలే అందులో ఉంటాయి. ఆ 64 బైట్లు చెడితే వందల జీబీల డ్రైవ్ కంటికి కనిపించకుండా పోతుంది. లోపలి ఫైళ్లు మాత్రం ఉన్నచోటనే ఉంటాయి.

ఇప్పటి జీపీటీ పద్ధతిలో ఈ టేబుల్ డిస్కు మొదట్లో ఒకటి, చివర్లో మరొకటి ఉంటుంది. ఒకటి పాడైతే రెండోదాన్ని వాడుకోవచ్చు. అయితే రీసైజ్ ప్రోగ్రామ్ రెండింటిలోనూ తప్పు లెక్కలు రాసేసి ఉంటే ఆ రెండో కాపీ కూడా అక్కరకు రాదు. అప్పుడు ఫైల్ సిస్టమ్, అంటే పార్టిషన్ లోపల ఫైళ్లను సర్దే పద్ధతి, వదిలిన గుర్తులే దిక్కు. అవి గట్టి గుర్తులు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ తన వివరాలు రాసుకున్న మొదటి సెక్టార్‌కు, అంటే బూట్ సెక్టార్‌కు, ఒక నకలు పార్టిషన్ చిట్టచివర దాచుకుంటుంది. లినక్స్ వాడే ఎక్స్‌ట్4 అలాంటి వివరాలే ఉండే సూపర్‌బ్లాక్ నకళ్లను పార్టిషన్‌లో పలుచోట్ల పెట్టుకుంటుంది. వాటిని పట్టుకుంటే హద్దులు మళ్లీ గీయవచ్చు.

పని వరస ఇలా ఉండాలి. ముందు ఆ కంప్యూటర్ ఆపేయండి. పోయిన డ్రైవ్, విండోస్ ఒకే డిస్కులో ఉంటే విండోస్ నడుస్తున్నంతసేపూ ఆ డిస్కు మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డిస్కులోకి డౌన్‌లోడ్ చేయడం, డిస్కు తప్పులు సరిదిద్దే విండోస్ ప్రోగ్రామ్ చెక్‌డిస్క్‌ను నడపడం అసలు వద్దు. చెక్‌డిస్క్ మంచి పనిముట్టే, కానీ హద్దులు తప్పుగా ఉన్న డ్రైవ్‌ను ‘బాగు చేయబోయి’ సరిగా ఉన్న ఫైళ్లను కూడా చెడగొట్టగలదు. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్‌తో బూట్ చేయండి, లేదా డిస్కు ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలించండి.

తర్వాత, దానికి తగ్గని సైజున్న ఇంకో డిస్కులోకి మొత్తం సెక్టార్లను ఉన్నవి ఉన్నట్టు కాపీ తీయండి. ఇందుకు డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. డిస్కులో చదవడానికి మొరాయించే చోట్లుంటే వాటిని దాటేసి, ముందు బాగున్న భాగం తీసుకుని, తర్వాత వెనక్కి వస్తుంది. ఇదంతా గంటల తరబడి పడుతుంది, నిజమే. కానీ కాపీ చేతిలో ఉంటే ప్రయోగం ఎన్నిసార్లు తప్పినా భయం లేదు.

ఇక వెతుకులాట. క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రామ్ దీనికి పేరు పడ్డది. ఇది కూడా ఉచితమే. నల్లటి తెర, బాణం కీలతో నడక, చూడ్డానికి ముచ్చటగా ఉండదు. ముందు క్విక్ సెర్చ్, దొరకకపోతే డీపర్ సెర్చ్. రీసైజ్ చెడిన డిస్కులో తరచుగా ఒకే డ్రైవ్ రెండు మూడు సైజుల్లో కనిపిస్తుంది, పాత హద్దులతో ఒకటి, కొత్త హద్దులతో ఒకటి. ఏది నిజం? ఒక్కోదాని మీద నిలబడి ‘పీ’ కీ నొక్కండి. ఫోల్డర్ల పేర్లు చక్కగా వస్తే అది ఆశ పెట్టుకోదగ్గది. అంతటితో నమ్మకండి. అక్కడి నుంచే కొన్ని పెద్ద ఫైళ్లను వేరే డిస్కుకు కాపీ చేసి తెరిచి చూడండి. వీడియో చివరిదాకా ఆడుతోందా, ఫొటో పూర్తిగా వస్తోందా? కావలసినవన్నీ ఇలాగే బయటికి తీసేసుకుని, ఆ తర్వాతే ‘రైట్’, అంటే ‘రాయి’ అనే ఆదేశం, నొక్కమంటాను. పాత టేబుల్ మీద కొత్తది రాసేది ఆ ‘రైట్’ ఒక్కటే.

అన్ని ప్రమాదాలూ ఇంత తేలిగ్గా తీరవు. డ్రైవ్ కుడి చివర కుదించడం కొంత నయం. ఎడమ అంచు జరిపితే మాత్రం లోపలి డేటా యావత్తూ కొత్త చోటికి మోయాలి. సి డ్రైవ్ పెంచడానికి డి డ్రైవ్‌ను కుడికి నెట్టేటప్పుడు జరిగేది ఇదే. మోత మధ్యలో ఆగితే సగం కొత్త చోట, సగం పాత చోట ఉండిపోతుంది. హద్దు ఎలా గీసినా సగమే సరిపోతుంది. అతుకు ఎక్కడ పడిందో కనిపెట్టి కలపడం నిపుణుల పని. అదీ కుదరకపోతే ఫొటోరెక్ అనే ప్రోగ్రామ్ ఉంది. అది హద్దులతో పని లేకుండా ఫైళ్ల ఆనవాళ్లను బట్టి ఏరుతుంది. ఫైళ్ల పేర్లు, ఫోల్డర్లు రావు, ముక్కలు ముక్కలుగా నిల్వ అయిన ఫైళ్లు చాలావరకు దక్కవు.

ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని చిప్‌ల డ్రైవ్, అయితే ఇంకో ప్రమాదం. ఫార్మాట్‌కు ‘సరే’ అన్నారంటే ట్రిమ్ అనే ఆదేశంతో ‘ఈ చోటంతా ఖాళీ’ అని డ్రైవ్‌కు కబురు వెళ్తుంది. అది చెరిపేశాక ఏ సాఫ్ట్‌వేర్‌కూ చదవడానికి ఏమీ మిగలదు. తిరిగే డిస్కు నుంచి టక్ టక్ శబ్దం వస్తుంటే మాత్రం నేను చెప్పినవేవీ ప్రయత్నించకుండా, వెంటనే కరెంటు తీసేసి డేటా రికవరీ ల్యాబ్‌కు పంపండి.