నవ్వకుండా పాడిన ఇద్దరు

హన్మకొండలో కామెడీ, పాటల వీడియోలు చేసే యువతీయువకుల ముందు చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

ఇంట్లో చిన్నపిల్లలుంటే మోనా అనే కార్టూన్ సినిమా చూసే ఉంటారు. అందులో ఒంటినిండా బంగారం అంటించుకుని, తన మెరుపు గురించి తానే మురిసిపోతూ పాడే పెద్ద పీత ఉంటుంది. ఇంగ్లీషులో ఆ గొంతు జెమైన్ క్లెమెంట్‌ది. 2001లో వచ్చిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మొదటి భాగంలో ఒక సభ జరుగుతుంటే, వెనక మాటా పలుకూ లేకుండా కూర్చున్న అందగాడు ఒకడు కొన్ని క్షణాలు కనిపిస్తాడు. అతను బ్రెట్ మెకెంజీ. ఆ కొన్ని క్షణాలకే అభిమానులు అతని పాత్రకు ఓ పేరు పెట్టి ఇంటర్నెట్ నిండా గోల చేశారు. ఆ గోల విని మూడో భాగంలో అతనికి డైలాగులు కూడా ఇచ్చారు. అంటే వీళ్లిద్దరినీ మీలో చాలామంది చూశారు, విన్నారు. జంటగా మాత్రం తెలియదు. ఆ జంట పేరు ఫ్లైట్ ఆఫ్ ది కాంకోర్డ్స్.

ఇద్దరిదీ న్యూజిలాండ్. వెల్లింగ్టన్‌లో విక్టోరియా యూనివర్సిటీలో చదువుకుంటూ కలిశారు, ఒకే ఇంట్లో అద్దెకున్నారు, 1998లో జంట కట్టారు. చేతిలో రెండు గిటార్లు, కూర్చోవడానికి రెండు కుర్చీలు. స్టేజీ మీద తమను తాము పరిచయం చేసుకునే తీరు ఎలా ఉంటుందంటే, మేము న్యూజిలాండ్‌లో నాలుగో స్థానంలో ఉన్న జానపద హాస్య జంట అని. మొదటి స్థానం కాదు, నాలుగోది. మన దగ్గర ఏ బ్యాండు మేళం వాళ్లయినా విజిటింగ్ కార్డు మీద నాలుగో స్థానం అని వేయించుకుంటారా?

ఈ జంట గురించి ఇక్కడ ఎందుకు మాట్లాడాలి అంటే, మన యాస కథకూ వీళ్ల కథకూ దగ్గరి పోలిక ఉంది. న్యూజిలాండ్ చిన్న దేశం. పక్కనే పెద్దన్నలా ఆస్ట్రేలియా. బయటివాళ్లకు ఇద్దరికీ తేడా తెలియదు. వీళ్ల యాస వింటే నవ్వొస్తుంది. మనకూ అంతే కదా. ఒకప్పుడు సినిమాలో తెలంగాణ యాస వినిపించిందంటే విలనో, వాడి వెనక తిరిగేవాడో, జోకరో అయ్యుండేవాడు. 1985లో ప్రతిఘటనలో కోట శ్రీనివాసరావు గారి కాశయ్య పాత్ర గుర్తు చేసుకోండి. ఆయన అద్భుతంగా చేశారు, అందులో అనుమానం లేదు. ఆయనది కృష్ణా జిల్లా అయినా యాసను చక్కగా పట్టుకున్నారు. కానీ ఆ తర్వాత చాలా ఏళ్లు దుర్మార్గుడి చేతనో వెర్రివాడి చేతనో ఈ భాష మాట్లాడించడం అలవాటైపోయింది. వరంగల్ నుంచి హైదరాబాద్‌కు చదువుకోవడానికి వెళ్లిన మా తరం పిల్లలు క్లాసులో నోరు తెరవడానికి టెన్షన్ పడింది అందుకే.

బ్రెట్, జెమైన్ యాస మార్చుకోలేదు. దాన్ని దాచుకోనూ లేదు. 2007లో అమెరికాలో హెచ్‌బీఓ అనే టీవీ చానల్ వీళ్లతో ఒక సీరియల్ చేయించింది. అందులో ఇద్దరూ తమ పేర్లతోనే, న్యూయార్క్‌లో బతకడానికి తంటాలు పడే సంగీత జంటగా కనిపిస్తారు. వాళ్లకు ఒకే ఒక్క అభిమాని. మేనేజర్ ముర్రే న్యూజిలాండ్ కాన్సులేట్‌లో చిన్న ఉద్యోగి. గదిలో ఉన్నది ముగ్గురే అయినా, ప్రతి మీటింగ్‌లోనూ ఆయన అటెండెన్స్ తీసుకుంటాడు. తన పేరు కూడా తానే పిలుచుకుని, తానే హాజరు చెప్పుకుంటాడు. మన ఆఫీసుల్లో మీటింగ్‌లు చూసినవాళ్లకు ఈ జోకు విప్పి చెప్పక్కర్లేదు.

ఒక ఎపిసోడ్‌లో పండ్లమ్మే అతను వీళ్లకు పండ్లు అమ్మనంటాడు. న్యూజిలాండ్ వాళ్లంటే అతనికి పడదు. చివరికి తేలేదేమంటే, అతనికి నిజంగా కోపం ఉన్నది ఆస్ట్రేలియా వాళ్ల మీద, రెండు దేశాలనూ కలిపేసుకున్నాడు. ఆ పండ్లతని పాత్ర వేసింది అజీజ్ అన్సారీ, తమిళనాడు నుంచి వెళ్లిన కుటుంబంలో అమెరికాలో పుట్టిన నటుడు. వివక్షను అటుదిటు తిప్పేశారు. తెల్లవాడు బాధితుడు, మనవాడు వివక్ష చూపేవాడు. ఉపన్యాసం ఒక్క ముక్క లేదు. కానీ ఎక్కడైనా పరాయివాడిగా నిలబడ్డ ఎవరికైనా అది సూటిగా తగులుతుంది.

ఇక్కడి వరకు విని, సరే, మన యాసలో మనమీద మనమే జోకులేసుకుంటే చాలు అనుకుంటే పొరపాటు. అసలు సంగతి పాటల్లో ఉంది.

వీళ్లలో ఒకరు ర్యాప్ మొదలుపెడతారు. గొప్పలు పోతారు. నా మాటలకు అడుగనేదే లేదు అని బీట్ మీద గట్టిగా అంటారు. తర్వాత లైను రావాలి. రాదు. బీట్ నడుస్తూనే ఉంటుంది, మనిషి అలాగే నిలబడిపోతాడు. జోకు ఆ నిశ్శబ్దంలో ఉంది. అది పేలాలంటే అంతకుముందు నాలుగు లైన్లూ పక్కా ర్యాప్‌లా ఉండాలి. లయ తప్పిన ర్యాప్‌లో మాట ఆగిపోతే ఎవరూ నవ్వరు, తడబడ్డాడు అనుకుంటారు.

డేవిడ్ బోవీ మీద వాళ్లు చేసిన పాటలో జెమైన్ ఆ గాయకుడు ఏ దశకంలో ఎలా పాడాడో, గొంతు ఎలా మార్చాడో అంతా వరసగా చూపిస్తాడు. చెవి అంత నిశితంగా లేకపోతే అది సాధ్యం కాదు. ఈ ముక్క వేరే ఊళ్లో అయితే చాలాసేపు వివరించాలి. వరంగల్‌లో అక్కర్లేదు. నేరెళ్ల వేణుమాధవ్ గారు పుట్టిన ఊరు ఇది. ఒక్క గొంతుతో ఇంగ్లీషు సినిమాల సౌండ్ ట్రాక్‌ను, డైలాగుతో పాటు వెనక వచ్చే సంగీతాన్ని, చప్పుళ్లను కూడా పలికించిన మనిషి. ఆయన మిమిక్రీకి జనం నవ్వారు, కానీ నవ్వు కంటే ముందు ఆశ్చర్యపోయారు. కాంకోర్డ్స్ పాటలో కూడా అదే వరస. ముందు అబ్బ, ఎంత బాగా వాయించారు అనిపిస్తుంది. ఆ తర్వాత, ఇంతకీ వీళ్లు పాడేది చెత్తను రీసైక్లింగ్ డబ్బాలో వేయడం గురించి కదా అని తట్టి నవ్వొస్తుంది.

2008లో ఉత్తమ కామెడీ ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది. ఆ ఏడాదే వచ్చిన పూర్తి ఆల్బమ్ అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో మూడో స్థానంలో అడుగుపెట్టింది. దాన్ని విడుదల చేసింది సబ్ పాప్, నిర్వాణా అనే రాక్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ తెచ్చిన కంపెనీ. 2012లో మపెట్స్ సినిమా పాటకు బ్రెట్‌కు ఆస్కార్ వచ్చింది. జెమైన్ తన స్నేహితుడు టైకా వైటిటీతో కలిసి వెల్లింగ్టన్‌లో ఒకే ఇంట్లో అద్దెకుండే రక్తపిశాచాల మీద సినిమా తీశాడు. గిన్నెలు ఎవరు తోమాలని పిశాచాలు కొట్లాడుకుంటాయి. ఆ సినిమా తర్వాత అమెరికాలో సీరియల్ అయి, ఆరు సీజన్లు నడిచింది.

మన వైపు చూద్దాం. మన దగ్గర జంట హాస్యానికి కొదవలేదు. బుర్రకథలో హాస్యం వంత ఉండనే ఉన్నాడు. కథకుడు గంభీరంగా చెబుతుంటే, మధ్యలో వంకర ప్రశ్న వేసేది అతనే. టీవీలో బిత్తిరి సత్తి, సావిత్రి జంట నడిచింది కూడా ఆ సూత్రం మీదే. ఒకరు వార్త చెబుతుంటే, ఇంకొకరు దాన్ని పక్కదారి పట్టిస్తారు. జగిత్యాల దగ్గర లంబాడిపల్లిలో తీసిన వీడియోలు గంగవ్వను రాష్ట్రమంతటికీ పరిచయం చేశాయి. యాసంటే సిగ్గుపడే రోజులు పోయాయి, మంచిది. కానీ ఈమధ్య చూస్తున్న చాలా వీడియోల్లో పాట ఉండాల్సిన చోట రెడీమేడ్ ట్రాక్, జోకు ఉండాల్సిన చోట ఒక బూతు, ఆ తర్వాత రికార్డు చేసిన నవ్వులు. యాస ఒక్కటే జోకు అనుకుంటున్నారు. అప్పట్లో సినిమావాళ్లు చేసిందీ అదే కదా! డోలు వాయించేవాళ్లు, తాళం వేసేవాళ్లు, ఒగ్గు కథ చెప్పేవాళ్లు ఐనవోలులో, అదే మన ఐలోని మల్లన్న జాతరలో అంతమంది కనిపిస్తారు. మీ వీడియోల్లో వాళ్ల చెయ్యి వినిపించదేం?

మీకు పనికొచ్చే ఇంకో ముచ్చట. 2012లో ఈ ఇద్దరూ పిల్లల వైద్య పరిశోధనకు విరాళాల కోసం ఒక పాట చేశారు. ముందు చిన్న పిల్లల దగ్గరికి వెళ్లి, డబ్బు ఎలా పోగు చేయాలి, జబ్బు ఎలా తగ్గుతుంది అని అడిగారు. వాళ్లు చెప్పిన అడ్డదిడ్డం జవాబులే పాటలో సాహిత్యం. న్యూజిలాండ్‌లో అది నంబర్ వన్ అయింది. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. మీ వాడలో ఒకటో తరగతి పిల్లల దగ్గర ఫోన్ పెట్టి కూర్చుంటే, అంత సరుకు మీకూ దొరుకుతుంది. వరస మాత్రం మీరు కట్టాలి.

హెచ్‌బీఓ సీరియల్ ఎందుకు ఆగిపోయిందని అడుగుతారు. రెండు సీజన్లు, 22 ఎపిసోడ్లు, 2009లో వాళ్లే చాలించారు. మొదటి సీజన్‌కు స్టేజీల మీద ఏళ్లుగా పాడిన పాటలు చేతిలో ఉన్నాయి. రెండో సీజన్ వచ్చేసరికి ప్రతి ఎపిసోడ్‌కూ కథ, దానికి తగ్గ కొత్త పాటలు గడువు లోపల రాయాలి. పాట నాసిగా వస్తే సీరియల్ నిలబడదని వాళ్లకు తెలుసు. మళ్లీ కొత్త పాటలతో స్టేజీ ఎక్కడానికి ఏళ్లు తీసుకున్నారు. 2018లో లండన్‌లో చేసిన ప్రదర్శన రికార్డు దొరుకుతుంది. వయసు మీదపడి, జుట్టు నెరిసి, అవే రెండు కుర్చీల్లో కూర్చుని ఉంటారు.

ఇప్పుడు ఆ ర్యాప్ పాట వేస్తాను. సబ్‌టైటిల్స్ లేవు. మొదటిసారి మాటలు వదిలేసి, గిటార్ మాత్రం వినండి. రెండోసారి వేసినప్పుడు నేను మధ్యలో ఆపి, అర్థం చెబుతాను.