ఉప్మా రవ్వ వెనక ఒక ఫ్రెంచి మేస్త్రి

వేదిక మీది పెద్దలకి, మిల్లుల యజమానులకి, ముఖ్యంగా వెనక నిలబడిన ఫిట్టర్ తమ్ముళ్ళకి నమస్కారం. గోధుమని ఉక్కు రోలర్ల మధ్య ఆడించే రోలర్ మిల్లుల చరిత్ర చెప్పమన్నారు. అంతా చెప్పను. ఒక్క మనిషి గురించే చెబుతాను. ఎడ్మండ్ లక్రువా. ఫ్రాన్సు నుంచి అమెరికా వలస వెళ్ళిన మిల్లు మేస్త్రి.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో చలి ఎక్కువ కాబట్టి గోధుమ వసంతంలో చల్లేవారు. ఆ గింజ గట్టిది, పొట్టు పెళుసు. తిరగలి రాళ్ళ కింద పొట్టు తునకలై పిండిలో కలిసి, రంగు చెడగొట్టేది. బలమంతా ఉన్న రవ్వేమో పొట్టుతో పాటు చవకగా పోయేది. 1870-71లో అక్కడి మిన్నియాపొలిస్ ఊళ్ళోని వాష్‌బర్న్ మిల్లులో లక్రువా ప్యూరిఫయర్, అంటే రవ్వలోంచి పొట్టు వేరుచేసే యంత్రం, నిలబెట్టాడు. ఫ్రాన్సులో ఉన్న పద్ధతినే ఆ గోధుమకి తగ్గట్టు మలిచాడు. ఊగే జల్లెడ, కిందినుంచి గాలి. పొట్టు లేచిపోతుంది, బరువైన రవ్వ దిగుతుంది. మన అమ్మలు చేటతో చెరిగేదీ ఇదే కదండీ! ఆ రవ్వని మళ్ళీ ఆడిస్తే తెల్లటి పిండి. ధర పలకని గోధుమకే గిరాకీ పెరిగింది. 1880 నుంచి 1930 దాకా అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ పిండి ఆడిన ఊరు ఆ మిన్నియాపొలిసే. పొద్దున మీరు తిన్న ఉప్మా రవ్వ కూడా ప్యూరిఫయర్ మీదనుంచి దిగిందే.

మరి లక్రువా పేరు మీలో ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. చూశారా!

లక్రువా ప్యూరిఫయర్‌లో జల్లెడ గుడ్డ మాటిమాటికీ పూడుకుపోయేది. అదే మిల్లులో పనిచేసే జార్జ్ స్మిత్ గుడ్డ కింద కదిలే బ్రష్ పెట్టాడు. మంచి పనే, కాదనను. కానీ పేటెంట్ ఆయన చేతికెళ్ళింది, సంచుల మీద యజమానుల పేర్లు పడ్డాయి.

నేను పనిచేసిన ఒక మిల్లులో గుడ్డ వదులై రవ్వలో పొట్టు దిగుతుంటే, ఒక ఫిట్టర్ రాత్రంతా కూర్చుని ఫ్రేము బద్దలు మార్చి బిగించాడు. పొద్దుటికి రవ్వ శుభ్రం. రిపోర్టులో మాత్రం ఇంజనీరు తన పేరే రాసుకున్నాడు. నాకిప్పటికీ కడుపు మండుతుంది.

ఇంకొకటి చెప్పాలి. ప్యూరిఫయర్ దుమ్ము కూడా లేపుతుంది. 1878 మే 2న వాష్‌బర్న్ పెద్ద మిల్లు పిండి దుమ్ముకే పేలింది, 18 మంది పోయారు. డస్ట్ ఫిల్టర్ ఆపి మిల్లు నడపకండి, దండం పెడతాను.

యజమానులారా, మెషీన్‌లో ఏ చిన్న మార్పు చేసినా, చేసినవాడి పేరు లాగ్‌బుక్‌లో రాయించండి. రేపటి షిఫ్టు నుంచే.