మొదటి భాగంతోనే ఆగిపోయిన కథలు

[దృశ్యం: విశాఖపట్నం, జగదాంబ కూడలి. సినిమా హాలు ఎదుట వ్యాఖ్యాత.]

నమస్కారం. తెలుగు సినిమా విడుదలకు ముందే నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర అని ఏరియాల వారీగా అమ్ముడుపోతుందనీ, ఉత్తరాంధ్ర లెక్కలన్నీ మన విశాఖపట్నం చుట్టూ తిరుగుతాయనీ ఈ ఊళ్లో సినిమా చూసేవారికి తెలుసు. పెద్ద ఫాంటసీ నవలల శ్రేణులను తెరకెక్కించడానికి హాలీవుడ్ స్టూడియోలు ఎందుకు జంకుతాయో తెలుసుకోవాలంటే, ఆ అమ్మకం పద్ధతిని గుర్తుంచుకోవాలి.

ఖర్చు ఎక్కువ కాబట్టి భయపడతాయన్నది సాధారణంగా వినిపించే జవాబు. అది సగం నిజమే. 20 కోట్ల డాలర్లు పెట్టి సూపర్ హీరో సినిమా తీయడానికి అవే స్టూడియోలు ముందుకు వస్తున్నాయి. అయితే ఆ కథ చాలావరకు ఆ సినిమాలోనే ముగుస్తుంది. నవలల శ్రేణిలో కొత్త లోకాన్నీ, దాని చరిత్రనూ, నియమాలనూ పరిచయం చేసే భారమంతా మొదటి సినిమా మీద పడుతుంది, ఫలం మాత్రం మూడో భాగంలోనో నాలుగో భాగంలోనో దక్కుతుంది. అక్కడిదాకా వెళ్లే అవకాశం ఉందో లేదో మొదటి భాగం వసూళ్లే తేలుస్తాయి. ప్రధాన పాత్రధారులు బాలలైతే, నిర్ణయం ఆలస్యమయ్యే కొద్దీ వారు పాత్రల వయసు దాటిపోతారు కూడా.

[తెరపై: 2001 – 2007]

'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'ను ఒకే సినిమాగా కుదించమని మిరామాక్స్ సంస్థ అడిగినప్పుడు దర్శకుడు పీటర్ జాక్సన్ న్యూ లైన్ సినిమా సంస్థను ఆశ్రయించారు. ఆ సంస్థ మూడు భాగాలనూ న్యూజిలాండ్‌లో ఒకేసారి చిత్రీకరించడానికి ఒప్పుకొని, ఖర్చులో పెద్ద మొత్తాన్ని విదేశీ హక్కులు ముందే అమ్మి రాబట్టింది. 2001లో వచ్చిన మొదటి భాగం అమెరికాలోనే 31 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది కాబట్టి ఆ పద్ధతి ఫలించింది.

అదే సంస్థ 2007లో ఫిలిప్ పుల్మన్ మూడు నవలల ఫాంటసీ శ్రేణిలో మొదటిదైన 'ది గోల్డెన్ కంపాస్'ను సుమారు 18 కోట్ల డాలర్లతో తీసి, విదేశీ హక్కులను అదే విధంగా అమ్మింది. అమెరికాలో వచ్చినది దాదాపు 7 కోట్లు. ప్రపంచం మొత్తం మీద 37 కోట్లు. పెట్టుబడికి రెట్టింపు వచ్చినట్టే కనిపిస్తుంది, కానీ విదేశాల సొమ్ములో అధిక భాగం హక్కులు కొన్నవారికి చేరింది. 2008లో న్యూ లైన్ వార్నర్ బ్రదర్స్‌లో కలిసిపోయింది. నవల చివరి అధ్యాయాలను చిత్రీకరించి కూడా రెండో భాగం కోసం దాచిపెట్టారు. ఆ రెండో భాగం రానే లేదు. ఈ ఉదంతంలో నన్ను అన్నిటికన్నా బాధించేది ఇదే.

మనకూ పెద్ద కథల సంపద ఉంది. మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీమజిలీ కథలు' 12 భాగాలు. అయితే దారిలో మజిలీ చేసిన చోటల్లా గురువు కథ చెబుతూ పోయే నిర్మాణం వల్ల ఒక్కో కథను విడదీసి సినిమాగా తీయవచ్చు. 1951 నాటి 'పాతాళ భైరవి'కి మూలం అక్కడిదే. ఆధునిక ఫాంటసీ శ్రేణిలో అటువంటి మజిలీ దొరకడం కష్టం.

స్టూడియో వెనకాడడాన్ని నేను తప్పుపట్టను. అరకొరగా ఒప్పుకోవడమే పాఠకుడికి ఎక్కువ అన్యాయం చేస్తుంది. 'ది డార్క్ టవర్' శ్రేణిలోని ఎనిమిది నవలల లోకాన్ని 2017లో గంటన్నర సినిమాలోకి కుదించారు. ఒకే నవలను రెండుగా విడదీసి తీసిన 'డ్యూన్' రెండో భాగానికి అనుమతి 2021లో మొదటి భాగం విడుదలయ్యాకే వచ్చింది; అది ఆడకపోయి ఉంటే కథ నడిమధ్యన నిలిచిపోయేది. వెబ్ సిరీస్ నిడివి సమస్యను తీరుస్తుంది తప్ప ఈ గండాన్ని తప్పించలేదు: 14 నవలల 'ది వీల్ ఆఫ్ టైమ్'ను మూడు సీజన్ల తరువాత 2025లో ఆపేశారు.

[దృశ్యం: భీమిలి బీచ్ రోడ్డు, కొండ మీది రామానాయుడు స్టూడియో.]

ఫాంటసీ కాకపోయినా, తమిళ రచయిత కల్కి రాసిన ఐదు భాగాల 'పొన్నియిన్ సెల్వన్'ను మణిరత్నం రెండు సినిమాలుగా ఒకేసారి చిత్రీకరించి 2022లోనూ 2023లోనూ విడుదల చేశారు. తెలుగులో అటువంటి శ్రేణిని తలపెట్టే నిర్మాత మొదటి భాగాన్ని అన్ని ఏరియాలకూ అవుట్‌రేట్‌గా, అంటే ఒకే మొత్తానికి పూర్తిగా, అమ్మేస్తే, దాని లాభం కొన్నవారి దగ్గరే ఉండిపోయి, రెండో భాగానికి మళ్లీ అప్పు వెతుక్కోవాలి. పంపిణీదారుకు కమీషన్ మాత్రమే ఇచ్చే పద్ధతిలో విడుదల చేస్తే నష్టం తన మీదే పడుతుంది, కానీ లాభం వస్తే తరువాతి భాగానికి మిగులుతుంది. ఉత్తరాంధ్ర వంటి ఒకటి రెండు ఏరియాలనైనా అలా అట్టిపెట్టుకొని, రెండు భాగాల చిత్రీకరణ పూర్తయ్యాకే మొదటిదాన్ని విడుదల చేసే నిర్మాత కోసం నేను ఎదురుచూస్తున్నాను.