కడప పిన్‌కోడు 516001: మాయమైన సున్న

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే రెండుసార్లు చదివారు, మూడోసారి నేను చదవను. డిసెంబరు 22, రామానుజన్ పుట్టినరోజు వస్తే చాలు, ఎక్కడ చూసినా 1729, హార్డీ ఎక్కొచ్చిన ఆ టాక్సీ నంబరు కథే. ఆయన మీద గౌరవం లేక కాదు గానీ, ఈ పూట మన ఊరి నంబరు పట్టుకుందాం. 516001. దీన్ని ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొట్టాలి.

బేసి సంఖ్య, 2తో పోదు. చివర 1 ఉంది, 5తో పోదు. అంకెల మొత్తం 13, కాబట్టి 3తో పోదు. 7తో భాగిస్తే శేషం 3, 11తో 2, 13తో 5. సగంమంది పిల్లలు ఇక్కడే "ప్రధాన సంఖ్య సార్" అని పెన్ను మూసేస్తారు. ఎక్కడ ఆపాలో చెప్పేది వర్గమూలం. 718 వర్గం 515524, 719 వర్గం 516961. అంటే 718 లోపు ప్రధాన సంఖ్యలన్నీ వేసి చూడాలి, అవి 127 ఉన్నాయి. భయపడొద్దు, 17 దగ్గరే తెగుతుంది.

తెగుతుంది గానీ, చేయి జారేది కూడా అక్కడే. 51లో 17 మూడుసార్లు. 6 దించాం, 17 పోదు. అప్పుడు పైన సున్న వేయాలి. వేయరు! నేరుగా ఇంకో సున్న దించి 60 అంటారు, 3, 5, 3 వేసి 3353 తేలుస్తారు. అసలు భాగఫలం 30353.

సరిచూసుకున్నాంగా అంటారా? అయ్యవార్లూ, మీరూ వినండి, మనం నేర్పే పరీక్షే దీన్ని పట్టదు. చివరి అంకె చూస్తే, మూడేళ్లు ఇరవైఒకటి, 1 వచ్చింది, సరే. అంకెల మొత్తం చూస్తే 3353కి 14, మళ్లీ కూడితే 5. 17కి 8. ఐదెనిమిదులు నలభై, అంటే 4. 516001కి 13, అదీ 4. సరిపోయింది! సున్న ఉన్నా పోయినా మొత్తం మారదు కదప్పా, ఎట్లా పట్టుకుంటుంది?

11 పట్టుకుంటుంది. కుడి నుంచి ఒక అంకె కూడి, ఒకటి తీసేయండి. 3353కి మైనస్ 2, 11 కలిపితే 9. 17కి 6. గుణిస్తే 54, 11తో శేషం 10. 516001కి మైనస్ 9, 11 కలిపితే 2. పదెక్కడ, రెండెక్కడ? 30353 వేసి చూడండి: 4, ఆరుతో 24, శేషం 2. సున్నకు ఎడమవైపున్న భాగం 11 గుణిజమైతే మాత్రం ఇదీ మోసపోతుంది. అందుకే రెండు పరీక్షలూ చేసి, చివరికి 17తో గుణించి చూడండి. 3353 అయితే 57001 దగ్గరే ఆగిపోతుంది.

మిగతాది త్వరగా చెప్తా. 30353 వర్గమూలం 174 పైచిలుకు. మళ్లీ 17 నుంచే మొదలు, 113 దాకా ఏదీ పోదు, 127తో 239 వస్తుంది. 239 ప్రధాన సంఖ్యే. కాబట్టి 516001 అంటే 17 × 127 × 239, 1నీ, ఆ సంఖ్యనీ కలుపుకుని కారణాంకాలు 8, వాటి మొత్తం 552960.

కర్నూలు 518001లో 11 రెండుసార్లు పోతుంది. అనంతపురం 515001ని 3తో తీశాక 41 దాకా ఓపిక పట్టండి. కాల్‌క్యులేటర్లు లోపల పెట్టేయండి, కాగితాలు ఇస్తున్నారు.