వైజాగ్ సముద్రపు గాలికి నిలిచే బేస్ గిటార్ స్ట్రింగ్స్ ఎంచుకోవడం ఎలా?

అందరికీ నమస్కారం. బేస్ స్ట్రింగ్స్ కోసం షాపుకెళ్తే కౌంటర్ దగ్గర ముందు అడిగేది "ఏ కంపెనీ కావాలండీ?" అని. కంపెనీ సంగతి చివర్న చూసుకోవచ్చు. మీ బేస్ కొలతెంత, మీరు వాయించేదేంటి, మీ ఇల్లు సముద్రానికి ఎంత దగ్గర, ఈ మూడూ తేలితే కొనాల్సిన సెట్ కూడా దాదాపు తేలిపోయినట్టే. ఆ మూడోది వైజాగ్ వాళ్లకి చాలా ముఖ్యం. దానిమీద ఎక్కువసేపు మాట్లాడతాను.

ముందు కొలత. బట్టలు కుట్టేవాళ్లు వాడే టేపు చాలు. ఇదిగో, నట్ (నెక్ పైచివర తీగలు ఆనే సన్న పట్టీ) అంచు దగ్గర టేపు పెట్టి 12వ ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు గీత) దాకా కొలవండి. వచ్చినదాన్ని రెట్టింపు చేస్తే అదే స్కేల్ లెంగ్త్. బాడీ మీది బ్రిడ్జి దాకా ఎందుకు కొలవకూడదంటే, అక్కడ ఒక్కో తీగ ఆనే శాడిల్ ఒక్కో చోట ఉంటుంది, లెక్క తేడా వస్తుంది. నా చేతిలో ఉన్నదానికి 17 అంగుళాలు వచ్చింది, అంటే 34, లాంగ్ స్కేల్. యామహా టీఆర్‌బీఎక్స్174, ఐబనెజ్ జీఎస్ఆర్180 లాంటివన్నీ ఇదే కొలత. ఫెండర్ మస్టాంగ్ బేస్ అయితే 30, షార్ట్ స్కేల్. పిల్లలకి కొనే ఐబనెజ్ మైక్రో ఇంకా చిన్నది, 28.6.

[క్లోజప్: స్ట్రింగ్ చివర చుట్టిన రంగు దారం]

ఈ రంగు దారం చూడండి. బాల్ ఎండ్ (తీగ కింది కొసన ఉండే లోహపు గుండు) దగ్గర్నుంచి ఈ దారం మొదలయ్యే దాకా ఉన్నదే వాయించడానికి పనికొచ్చే పొడవు. దారం నట్ దాటాకే మొదలవ్వాలి. 34 అంగుళాల బేస్‌కి షార్ట్ స్కేల్ సెట్ వేస్తే దారం ఫ్రెట్‌బోర్డ్ మీదికి వచ్చేస్తుంది, ఇక ఆ సెట్ వృథా. పొట్టి బేస్‌కి పొడుగు సెట్ వేసినా ఇబ్బందే. దారం చుట్టిన సన్నటి భాగం తిరగాల్సిన పోస్ట్ (శ్రుతి చేసే మర) చుట్టూ పూర్తి లావున్న తీగ తిరుగుతుంది. అన్నిటికన్నా మందపాటి E స్ట్రింగ్ అంత చిన్న వంపు తిరగలేదు, పైచుట్టు విచ్చుకుంటుంది. ఫ్లాట్‌వౌండ్ (పైన చదునైన తీగ చుట్టినవి, తర్వాత చెప్తాను) అయితే ఈ తప్పు అస్సలు చేయకండి. మీ బేస్‌లో స్ట్రింగ్స్ బాడీ వెనకనుంచి దూరి వస్తుంటే ఆ అదనపు పొడవు కూడా లెక్కలో వేసుకోండి.

ఇక మందం. ప్యాకెట్ మీద 45, 65, 85, 105 అని ఉంటుంది. అవి అంగుళంలో వెయ్యో వంతులు. నాలుగు స్ట్రింగుల బేస్‌కి, మామూలు ట్యూనింగ్‌కి ఇది నడిమి దారి. 40తో మొదలయ్యే సెట్ వేళ్లకి తేలిక, 50తో మొదలయ్యేది బిగువు.

అయితే మందం ఒక్కటే చూసి కొంటే దెబ్బతింటాం. వేళ్లకి తెలిసేది బిగువే. అదే సెట్, అదే శ్రుతి, కానీ స్కేల్ 34 బదులు 30 అయితే బిగువు అయిదో వంతుకి పైనే తగ్గిపోతుంది. అందుకే షార్ట్ స్కేల్ బేస్ మీద సన్నటి సెట్ వేస్తే E స్ట్రింగ్ వదులుగా ఊగుతూ ఫ్రెట్లకి కొట్టుకుంటుంది. శ్రుతి దించినా ఇదే కథ. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో సింగర్ గొంతు కోసం అరస్వరం కిందికి దించేవాళ్లుంటారు. అలా దించితే బిగువులో పదకొండు శాతం దాకా పోతుంది. E స్ట్రింగ్‌ని D స్వరానికి దించితే ఇంచుమించు అయిదో వంతు పోతుంది. ఎప్పుడూ కిందికి దించే వాయిస్తారా? ఒక మెట్టు మందం సెట్ తీసుకోండి. అయిదు స్ట్రింగుల బేస్ ఉన్నవాళ్లు ఇంకా మందమైన B స్ట్రింగ్ 125 గానీ 130 గానీ ఉన్న సెట్ చూసుకోండి.

[ఇక్కడ ఒకే బేస్ మీద రౌండ్‌వౌండ్, ఫ్లాట్‌వౌండ్ రెండూ వినిపించాలి]

తేడా విన్నారుగా. మొదటిది రౌండ్‌వౌండ్. లోపలి తీగ మీద గుండ్రటి సన్న తీగ చుట్టి ఉంటుంది, వేలితో రాస్తే గరగరలాడుతుంది. ధ్వనిలో మెరుపు ఎక్కువ, వేళ్లు జరిపితే కీచుమనే చప్పుడూ ఎక్కువే. స్లాప్‌కి (బొటనవేలితో తీగని కొట్టి వాయించడం), రాక్‌కి ఇవే. రెండోది ఫ్లాట్‌వౌండ్. పైన చుట్టింది చదునైన రిబ్బన్ లాంటి తీగ, చేతికి నున్నగా తగులుతుంది. "దుమ్" అని గుండ్రంగా మోగి, గాయకుడికి దారి వదిలేస్తుంది. ఫెండర్ ప్రెసిషన్ బేస్ 1951లో వచ్చినప్పుడు వేసినవి ఫ్లాట్‌వౌండ్సే. రౌండ్‌వౌండ్ జోరు 1960ల్లో ఇంగ్లండ్‌లో మొదలైంది. ది హూ బ్యాండ్‌లో బేస్ వాయించిన జాన్ ఎంట్‌విసిల్, రోటోసౌండ్ స్ట్రింగ్స్ కంపెనీ కలిసి ఆ పియానో లాంటి మోతని తీసుకొచ్చారు. అదే దశకంలో అమెరికాలో మోటౌన్ అనే సోల్ సంగీతం కంపెనీ రికార్డులకి వాయించిన జేమ్స్ జేమర్సన్ మాత్రం లా బెల్లా వాళ్ల మందపాటి ఫ్లాట్‌వౌండ్సే వాడాడు, తెగితే తప్ప మార్చేవాడు కాదట. ఈ రెండింటికీ మధ్యలో హాఫ్‌రౌండ్ ఉంది. రౌండ్‌వౌండ్ చేసి పైభాగాన్ని అరగదీస్తారు. ఎటూ తేల్చుకోలేకపోతే అది వేసి చూడండి.

ఇప్పుడు మన ఊరి గాలి. ఆర్కే బీచ్, లాసన్స్ బే, పెదవాల్తేరు, అటు భీమిలి రోడ్డు పొడవునా ఉండేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, కిటికీ ఊచలూ గేటు గొళ్లేలూ తుప్పు పట్టడం రోజూ చూస్తూనే ఉంటారు. గాలిలో ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పు తేమని లాక్కుంటుంది. దానికి మన చెమట తోడవుతుంది. రౌండ్‌వౌండ్‌లో చుట్టుకీ చుట్టుకీ మధ్య సందులున్నాయి కదా, ఇదంతా పోయి అక్కడే కూర్చుంటుంది. ముందు మెరుపు పోతుంది, తర్వాత తీగ బరువు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అయ్యి పై ఫ్రెట్లలో శ్రుతి నిలవదు. ట్యూనర్ పాడైందనుకుంటారు, పాడైంది స్ట్రింగ్.

ఎక్కువ సెట్లు నికెల్ పూత ఉన్న స్టీలువి. ధ్వని బాగుంటుంది, ఫ్రెట్లనీ తినేయవు. కానీ వేళ్ల కింద పూత అరిగినచోట స్టీలు బయటపడి అక్కడినుంచే తుప్పు మొదలవుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ తుప్పుకి బాగా ఓర్చుకుంటుంది, మెరుపు ఇంకా ఎక్కువ. కాకపోతే అది గట్టి లోహం, ఫ్రెట్లు త్వరగా అరుగుతాయి. ఎలిక్సిర్ లాంటి కోటెడ్ సెట్లకి పైన పల్చటి పొర ఉంటుంది, చెమట సందుల్లోకి దిగదు. ధర ఎక్కువే గానీ మన తీరంలో ఆ డబ్బు తిరిగొస్తుంది. గట్టిగా స్లాప్ కొట్టేవాళ్లకి మాత్రం ఆ పొర తొందరగా పోతుంది.

నన్నడిగితే, చర్చిలో ప్రతి ఆదివారం వాయించేవాళ్లకీ, పాత సినిమా పాటల ట్రూపుల్లో ఉన్నవాళ్లకీ వైజాగ్‌లో ఫ్లాట్‌వౌండ్‌ని మించింది లేదు. చాలావాటికి పైచుట్టు స్టెయిన్‌లెస్ స్టీలే. మట్టి చేరడానికి సందులు లేవు. పాతబడేకొద్దీ ధ్వని ఇంకా మెత్తబడి పాటలో కలిసిపోతుంది. కొనేటప్పుడు ధర చూసి వెనకాడతారు, కానీ ఏళ్ల తరబడి వస్తాయి. దొరకడమే కష్టం. షాపులో లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి, ఆర్డర్ చేసేముందు స్కేల్ లెంగ్త్ ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి.

చాలామంది పాత స్ట్రింగ్స్‌ని నీళ్లలో ఉడకబెడతారు. మట్టి వదిలి కొన్నాళ్లు మళ్లీ మోగుతాయి, నిజమే. కానీ ఈ తేమలో లోపలి తీగ పూర్తిగా ఆరదు, లోపల్నుంచే తుప్పు పడుతుంది. అందుకని నేను ఆ పని చేయమనను. వాయించాక ఒక్కో స్ట్రింగ్ కిందా పైనా పొడిగుడ్డతో తుడిచి, బేస్‌ని కేసులో పెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లం వేయండి. కొత్త సెట్ వేసే రోజుదాకా దాని కవరు చింపకండి.

మార్చడం చూద్దాం. ఒకటి తీశాక దాని స్థానంలో కొత్తది వేసి, ఆ తర్వాతే రెండోది తీయండి. నాలుగూ ఒకేసారి తీస్తే నెక్ మీద లాగుడు ఒక్కసారిగా పోతుంది. పోస్ట్‌కి అవతల నాలుగైదు అంగుళాలు వదిలి, కోసేచోట తీగని ముందు తొంభై డిగ్రీలు వంచండి. వంచాకే కట్టర్ పెట్టండి, లేకపోతే చుట్టు విడిపోయి స్ట్రింగ్ మూగబోతుంది. తీగ కొసని పోస్ట్ మధ్య రంధ్రంలోకి దించి, రెండు మూడు చుట్లు పైనుంచి కిందికి రానివ్వండి. శ్రుతి చేశాక నట్ దగ్గరా శాడిల్ దగ్గరా తీగని బొటనవేలితో మెల్లగా అదమండి, కూర్చుంటుంది.

బిగువు మారింది కాబట్టి నెక్ కూడా చూడాలి. E స్ట్రింగ్‌ని మొదటి ఫ్రెట్ దగ్గరా నెక్ బాడీని కలిసే చోటా నొక్కిపట్టి, 8వ ఫ్రెట్ దగ్గర సందు చూడండి. 0.3 మిల్లీమీటర్లు, అంటే విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే సరి. సందు ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని (నెక్ లోపలి లోహపు కడ్డీని) పావు తిప్పు బిగించి, శ్రుతి చేసి, మళ్లీ చూడండి. అది బిగిసి తిరగకపోతే బలవంతం చేయకండి, రిపేరు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. తర్వాత 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకీ తాకనట్టు వేలు పెట్టి తీసే స్వరం) మోగించి, అక్కడే నొక్కి వాయించి పోల్చండి. నొక్కింది శ్రుతి ఎక్కువ చూపిస్తే శాడిల్‌ని వెనక్కి జరపండి, తక్కువ చూపిస్తే ముందుకి.

కొత్త స్ట్రింగ్స్ సాగుతాయి, నెక్ కూడా వాటికి అలవాటుపడాలి. ఆదివారం ప్రోగ్రాం ఉంటే శనివారం రాత్రి మార్చకండి. గురువారం వేసి, రోజూ వాయించి, శనివారం ఆ 12వ ఫ్రెట్ శ్రుతి, అంటే ఇంటొనేషన్, ఇంకోసారి చూసుకోండి.