మూడు నిమిషాల్లో ఇమడని కుర్రాళ్లు: పింక్ ఫ్లాయిడ్ తొలి రోజులు

[తెర నల్లగా ఉంటుంది. గిటార్ ఎకో మెల్లగా పెరుగుతుంది.]

నమస్కారం. పింక్ ఫ్లాయిడ్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ పేరు చెప్పగానే చాలామందికి 1970ల నాటి స్టేడియాలు, కోట్లలో అమ్ముడైన ఆల్బమ్‌లు గుర్తొస్తాయి. ఈ వీడియో అంతకుముందు కథ. 1965 నుంచి 1968 దాకా, అప్పుడప్పుడే ఇరవై ఏళ్లు దాటుతున్న నలుగురు కుర్రాళ్లు లండన్‌లో ఏం చేశారు, అంత తొందరగా ఎలా పైకొచ్చారు, వచ్చిన వెంటనే ఎందుకు తడబడ్డారు అన్నది మాట్లాడుకుందాం. నన్నడిగితే ఈ కథంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: పాట ఎంతసేపు ఉండాలి?

రోజర్ వాటర్స్, నిక్ మేసన్, రిచర్డ్ రైట్ ముగ్గురూ రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ చదవడానికి చేరినవాళ్లు. సిడ్ బారెట్‌ది వాటర్స్ పెరిగిన కేంబ్రిడ్జే. పెయింటింగ్ నేర్చుకోవడానికి 1964లో లండన్ వచ్చాడు. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ (అక్కడి నల్లజాతివాళ్ల జానపద సంగీతం) గాయకుల పేర్లు కలిపి బ్యాండ్‌కి పేరు పెట్టింది అతనే. ఆ పేరుకి తగ్గట్టే మొదట్లో అందరిలాగే అమెరికన్ బ్లూస్ పాటలు వాయించేవాళ్లు. వాళ్లలో గిటార్ బాగా వచ్చిన బాబ్ క్లోజ్ 1965లో తప్పుకున్నాడు. అప్పటికి అది పెద్ద నష్టమే. కానీ అతను ఉన్నంతకాలం బ్లూస్ పద్ధతిగా సాగేది. అతను వెళ్లాక గిటార్ పూర్తిగా బారెట్ చేతికి వచ్చింది, బారెట్‌కి పద్ధతుల మీద పెద్దగా పట్టింపు లేదు.

అదే ఏడాది కౌంట్‌డౌన్ అనే క్లబ్‌లో రాత్రికి మూడు విడతలు, విడతకి గంటన్నర చొప్పున వాయించాల్సి వచ్చింది. చేతిలో అన్ని పాటలు లేవు. దాంతో మధ్యలో సోలో (ఒక్కరే వాయించే భాగం) పెంచుకుంటూ పోతే ఒక్కో పాటని ఎంతసేపైనా సాగదీయొచ్చని వాళ్లకి తెలిసొచ్చింది. అవసరం కొద్దీ పట్టుకున్న ఆ కిటుకే తర్వాత వాళ్ల సంగీతం అయింది.

[తెరపై: గాజు పలకల మధ్య కదిలే రంగు సిరా]

1966 శరదృతువులో నాటింగ్ హిల్‌లోని ఆల్ సెయింట్స్ చర్చి హాల్లో వాయించడం మొదలుపెట్టారు. ఒకరోజు అమెరికా నుంచి వచ్చిన ఒక జంట, బ్యాండ్ వాయిస్తుండగా ప్రొజెక్టర్‌తో వాళ్ల మీద రంగుల స్లైడ్లు వేశారు. అది చూసి మేనేజర్లు పీటర్ జెన్నర్, ఆండ్రూ కింగ్ సొంతంగా లైట్లు తయారుచేసుకున్నారు. జెన్నర్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పాఠాలు చెప్పే మనిషి. చెక్కల మీద షాపులో దొరికే మామూలు స్పాట్‌లైట్లు బిగించి, వాటి ముందు రంగు కాగితాలు పెట్టి, ఇంట్లో గోడకుండే స్విచ్చులతో వెలిగిస్తూ ఆర్పుతూ ఉండేవాళ్లు. లైట్ షో మొదలైంది అలా. తర్వాత గాజు పలకల మధ్య రంగు సిరా పోసి ప్రొజెక్టర్‌లో పెట్టేవాళ్లు. బల్బు వేడికి సిరా మరిగి బుడగలు కట్టేది, ఒక రంగులోకి ఇంకో రంగు పాకేది. గోడలూ మనుషులూ అన్నీ ఆ రంగుల్లో కదిలేవి.

దీనివల్ల ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. బ్యాండ్ వాళ్ల మొహాలు సరిగా కనిపించేవి కావు. జనం స్టార్‌ని చూడటానికి కాదు, ఆ హాల్లో జరిగేదాంట్లో ఉండటానికి వచ్చేవాళ్లు. అలాంటి చోట పాట ఎప్పుడు అయిపోతుందా అని ఎవరూ ఎదురుచూడరు.

ఇక సౌండ్. బారెట్, రైట్ వాడిన బిన్సన్ ఎకోరెక్ ఇటలీలో తయారైన ఎకో మెషిన్. లోపల ఒక అయస్కాంత డ్రమ్ము గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. మీరు వాయించిన స్వరం దాని మీద రికార్డ్ అవుతుంది. చుట్టూ వరసగా అమర్చిన హెడ్స్ (రికార్డైన శబ్దాన్ని చదివే భాగాలు) దాన్ని ఒకదాని తర్వాత ఒకటి మళ్లీ వినిపిస్తాయి. ఒక్క మీట్ మీటితే నాలుగైదు తిరిగొస్తాయి, వాటి మీద ఇంకోటి వేయొచ్చు. బారెట్ సిగరెట్ లైటర్‌ని తీగల మీద జార్చి వాయించేవాడు. ఆ జారుడు శబ్దం ఈ మెషిన్‌లోంచి బయటికొచ్చేసరికి గిటారని పోల్చుకోవడమే కష్టం. వేగంగా వేళ్లు నడిపేవాళ్లు ఆ రోజుల్లో లండన్‌లో చాలామంది ఉన్నారు. ఇలా వినిపించినవాళ్లు మాత్రం చాలా తక్కువ.

1966 డిసెంబర్ 23న టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లో ఒక ఐరిష్ డాన్స్ హాల్ సెల్లార్‌లో యూఫో క్లబ్ మొదలైంది. నడిపింది జో బాయ్డ్, జాన్ హాప్కిన్స్. రాత్రి మొదలై తెల్లారేదాకా సాగేది. సాఫ్ట్ మెషిన్ అనే ఇంకో బ్యాండ్‌తో పాటు అక్కడ ఆస్థాన బ్యాండ్ లాంటిది పింక్ ఫ్లాయిడే.

[తెరపై: తిరుగుతున్న సింగిల్ రికార్డు]

ఆ తర్వాత అంతా పరుగే. 1967 జనవరిలో బాయ్డ్ నిర్మాతగా తొలి సింగిల్ (ఆల్బమ్ కాకుండా విడిగా వచ్చే పాట) రికార్డ్ చేశారు. ఈఎంఐ అనే రికార్డు కంపెనీ 5,000 పౌండ్ల అడ్వాన్స్ ఇచ్చి సంతకం చేయించుకుంది. ఆరేసిన ఆడవాళ్ల బట్టలు దొంగిలించే మనిషి మీద పాట అని రేడియో లండన్ ఆ సింగిల్‌ని వేయలేదు, అయినా మార్చిలో విడుదలై బ్రిటన్ చార్టుల్లో 20వ స్థానం దాకా వెళ్లింది. జూన్‌లో వచ్చిన రెండోది 6కి చేరింది. ఆగస్టులో మొదటి ఆల్బమ్. బీటిల్స్‌కి ఇంజినీర్‌గా పనిచేసిన నార్మన్ స్మిత్ దానికి నిర్మాత. అదే ఏడాది అబ్బే రోడ్ రికార్డింగ్ స్టూడియోల్లో, పక్క స్టూడియోలో బీటిల్స్ రికార్డింగ్ నడుస్తుంటే వెళ్లి చూసొచ్చారు కూడా.

మే 12న క్వీన్ ఎలిజబెత్ హాల్లో చేసిన షో గురించి చెప్పకుండా ఉండలేను. చిన్న పిడి అటూ ఇటూ తిప్పితే శబ్దం హాలు నాలుగు మూలలా ప్రయాణించే పరికరాన్ని అక్కడ వాడారు. దానికి తోడు పూలు, సబ్బు బుడగలు. వాటితో హాలు పాడైందని యాజమాన్యం వాళ్లని మళ్లీ రానివ్వలేదు. 1967లో, కెరీర్‌లో ఇంకా మొదటి ఆల్బమ్ కూడా రాని కుర్రాళ్లు ఇంత ఆలోచించారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కానీ హిట్ పాట వచ్చాక లెక్క మారింది. లండన్ బయట డాన్స్ హాళ్లకి వచ్చే జనానికి రేడియోలో విన్న ఆ మూడు నిమిషాల పాట కావాలి. వీళ్లేమో పావుగంట సాగే ఎకోల వాయిద్యం మొదలుపెట్టేవాళ్లు. స్టేజీ మీదకి బీరు విసిరినవాళ్లూ ఉన్నారు. టీవీలో వారం వారం అదే పాటకి పెదవులు కలపమన్నా బారెట్ ఇష్టపడలేదు. ఆ ఏడాది అతను ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు బాగా ఎక్కువగా తీసుకున్నాడు. ఏది ఎంత కారణమో బయటినుంచి తీర్పు చెప్పడం అతనికి అన్యాయం చేయడమే. 21 ఏళ్ల మనిషి, పాటలు దాదాపు అన్నీ తనే రాయాలి, ఇంకో హిట్ ఇవ్వాలనే టెన్షన్ కూడా తనదే. నవంబర్‌లో అమెరికా వెళ్లి, టూర్ మధ్యలోనే వెనక్కి వచ్చేశారు.

కేంబ్రిడ్జ్ స్నేహితుడు డేవిడ్ గిల్మర్‌ని తోడు తెచ్చుకున్నారు. కొన్ని షోలు ఐదుగురూ చేశారు. 1968 జనవరి చివర్లో ఒకరోజు సౌతాంప్టన్‌లో షోకి వ్యాన్‌లో బయల్దేరినప్పుడు, సిడ్‌ని ఎక్కించుకోవాలా అన్న మాట వచ్చింది. వద్దులే అనుకుని వెళ్లిపోయారు. ఏప్రిల్‌లో అతను బ్యాండ్‌లో లేడని ప్రకటించారు. జెన్నర్, కింగ్ ఇద్దరూ బారెట్ వైపే ఉండిపోయారు. అసలు ప్రతిభ అతనిదే అని వాళ్ల నమ్మకం. అప్పటికి చూస్తే ఆ లెక్క తప్పనిపించదు.

మిగిలినవాళ్లు చేసిన పని చూడండి. బారెట్‌లా చిన్న పాట రాయడం వాళ్లకి రాదు. రెండో ఆల్బమ్‌లో దాదాపు 12 నిమిషాల వాయిద్యం ఒకటి పెట్టారు. దాన్ని వాటర్స్, మేసన్ స్వరాల్లో రాసుకోలేదు. కాగితం మీద ప్లాన్ గీసుకున్నారు. ఎక్కడ పెరగాలి, ఎక్కడ తగ్గాలి, అంతా గీతల్లో. ఆర్కిటెక్చర్ చదువు అక్కడ పనికొచ్చింది. 1968 జూన్‌లో ఆ ఆల్బమ్ వచ్చింది.

వినాలనుకునేవాళ్లు మొదటి ఆల్బమ్ స్టీరియోలో, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. తొమ్మిది నిమిషాలు దాటే వాయిద్యం ఒకటుంది. దాని చివర్లో శబ్దం ఎడమ చెవి నుంచి కుడి చెవికి, కుడి నుంచి ఎడమకి ఊగుతుంది. తర్వాత రెండో ఆల్బమ్‌లోని 12 నిమిషాలు వినండి. రెండిట్లో మీకు ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో కామెంట్లలో రాయండి.