గుమ్మానికి వేపమండ

నమస్కారమండీ. ఎండలు ముదురుతున్నాయంటే మన ఊళ్ళలో ఎక్కడో ఒక గుమ్మానికి వేపమండలు వేలాడతాయి. "వాళ్ళింట్లో పిల్లాడికి అమ్మవారు పోసిందట" అని, అంటే ఆటలమ్మ (చికెన్‌పాక్స్) వచ్చిందని వీధంతా తెలిసిపోతుంది, ఇక ఆ గడప ఎవరూ తొక్కరు, బాకీ అడగడానికి వచ్చినవాళ్ళు కూడా వీధిలోనే నిలబడి మాట్లాడి వెళ్ళిపోతారు. అంటువ్యాధి ఉన్న ఇంటికి దూరంగా ఉండండని ఏ మైకూ లేకుండా ఊరంతటికీ చెప్పేది ఆ కొమ్మే. నాకు దాని మీద చాలా గౌరవం.

లోపల ఏం చేస్తారో చూడండి. పక్క మీద లేత వేపాకు పరుస్తారు. దురద పుడితే గోళ్ళతో గీరనివ్వరు, వేపరెమ్మతో మెల్లగా నిమురుతారు, ఎందుకంటే గీరితే పొక్కు చితికి చీము పడుతుంది, మచ్చ ఉండిపోతుంది. ఇంట్లో తాలింపు వేయరు, పెరుగన్నం, కొబ్బరినీళ్ళు ఇస్తారు. పొక్కులన్నీ ఎండి పక్కు కట్టాక వేపాకు, పసుపు వేసి ఎండలో పెట్టిన నీళ్ళు పోస్తారు, అప్పుడే పిల్లాడు వీధిలోకి వస్తాడు. పక్కులు కట్టేదాకా బడికి పంపొద్దని ఇవాళ డాక్టర్లు చెప్పేదీ అదే కదా!

వెనకటికి ఈ భయమంతా మశూచిది. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో వచ్చింది, ప్రపంచంలోనే లేకుండా పోయిందని 1980లో ప్రకటించారు. దాన్ని తరిమింది టీకా. అయినా పోచమ్మకి బోనం ఎత్తేటప్పుడు కుండ చుట్టూ వేపరెమ్మలు కడుతూనే ఉన్నాం, కట్టాలి కూడా, అది మన భక్తి.

కానీ ఆటలమ్మ వైరస్‌ని వేపాకు చంపదు. పైగా పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే అది పక్కవాళ్ళకి అంటుకోవడం మొదలవుతుంది, అంటే మనం మండ కట్టేసరికే కొంత ఆలస్యమైపోతుందన్నమాట. దీనికీ టీకా ఉంది, పిల్లల డాక్టర్ని అడగండి. నీళ్ళు పోసేదాకా స్నానమే వద్దనడం మాత్రం నేను ఒప్పుకోను, గోరువెచ్చని నీళ్ళతో రోజూ ఒళ్ళు కడగొచ్చు, తర్వాత రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దితే చాలు.

ఇంకో సంగతి, ఇది గట్టిగా చెబుతున్నాను. వేపనూనె పసిపిల్లల చేత తాగించకండి, మూర్ఛలొచ్చి ప్రాణం మీదికి వస్తుంది. జ్వరానికి ఆస్పిరిన్ కూడా ఇవ్వొద్దు. ఇంట్లో గర్భిణి ఉన్నా, నెలల పిల్లలున్నా, పొక్కులు పోసింది పెద్దవాళ్ళకైనా, మండ కట్టిన రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఆయాసమొచ్చినా, పిల్లాడు మగతగా పడి ఉన్నా ఫోన్ కూడా వద్దు, నేరుగా ఆస్పత్రికే తీసుకెళ్ళండి, వెళ్ళగానే ఆటలమ్మ అని ముందే చెప్పండి, వాళ్ళు విడిగా కూర్చోబెడతారు.